తీర్పు చెప్పేది పరీక్ష కాదు



పోయిన శీతాకాలం పొగమంచు చూద్దామని లంబసింగి వెళ్ళాం. నర్సీపట్నం వైపు దిగి వస్తూంటే పోలీసులు బస్సు ఆపి సంచులన్నీ వెతికారు. "ఏ తల్లి కన్నబిడ్డ దొరుకుతాడో!" అని పక్కసీటు పెద్దావిడ నిట్టూర్చింది. ఆ కొండల్లో కాఫీ, మిరియాల మధ్య దొంగచాటుగా గంజాయీ పండేది. 2021లో ఆపరేషన్ పరివర్తన పేరుతో వేల ఎకరాల తోటలు నరికించారు. సరే, మొక్కను నరికారు. మరి అలవాటునో?

దానికీ చట్టంలో దారి ఉందండీ. 1985 నాటి మత్తుపదార్థాల చట్టంలో 39వ సెక్షన్ ప్రకారం, వాడకం కేసులోనో, కొద్ది మోతాదు కేసులోనో నేరం రుజువైన వ్యసనపరుణ్ణి, అతని సమ్మతితో, జైలుకు బదులు చికిత్సకు పంపవచ్చు. ఫలితమేమిటో ఏడాదిలోగా కోర్టుకు తెలపాలి. అమెరికాలోని మయామీలో 1989లో ఇందుకోసం ప్రత్యేకంగా ఒక కోర్టే పెట్టారు. ఇలాంటి చికిత్సలో మూత్రపరీక్షలు తప్పవు. చిక్కంతా అక్కడే.

మాకు తెలిసిన ఒకావిడ కొడుకు గంజాయి మానేసి చికిత్సలో ఉన్నాడు. పదిహేనోరోజు పరీక్షలో "ఉంది" అని వచ్చింది. "ముట్టలేదమ్మా" అని ఏడ్చాడు. తండ్రి నమ్మక చెయ్యి చేసుకున్నాడు. తర్వాత డాక్టరుగారు విడమరిచి చెప్పారు: రోజూ తాగినవారి ఒంట్లో దాని జాడ కొవ్వులో నిలిచి, మానేశాక కూడా మూడు నాలుగు వారాలు కనిపించవచ్చట! నెల దాటాక మళ్ళీ చేస్తే "లేదు" అని వచ్చింది. కాని తిన్న దెబ్బ వెనక్కి వస్తుందా?

మన వంటింటి సంగతీ వినండి. గసగసాలు ఎక్కువగా తిన్నా నల్లమందు జాడ కనిపించవచ్చు. కొన్ని జలుబు మందులు కూడా తొలి పరీక్షను తప్పుదోవ పట్టిస్తాయి. అందుకని తిన్నవీ, వేసుకున్న మందులూ ముందే చెప్పాలి. "ఉంది" అని వస్తే, లాబొరేటరీలో రెండో పరీక్షతో రూఢి చేయమని అడగాలి. ఒక్క ఫలితం కాదు, వరుసగా వచ్చినవన్నీ డాక్టరుగారు చూడాలి. నిజంగానే మళ్ళీ తాగాడనుకోండి, చికిత్స మార్చవలసి ఉందన్నమాట. అంతేగాని వాడు పనికిరానివాడని కాదు.

థర్మామీటరులో జ్వరం కనిపిస్తే పిల్లవాణ్ణి కొడతామా? మందు మారుస్తాం. ఇదీ అంతే. ఇంట్లో ఇలాంటి బాధ ఉంటే దాచుకోకండి. 14446కు ఫోను చేస్తే సలహా చెబుతారు, ఖర్చు లేదు.