అడవిలోని బడి: దానిని నిలిపిన చేతులు

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఈ సభలో నన్ను మాటలాడుమని మన కార్యదర్శిగారు కోరినప్పుడు, నేనొక ప్రబంధమును గూర్చియో నాటకమును గూర్చియో ప్రసంగింతునని వారు తలచియుందురు. నేను పట్టము పుచ్చుకొన్నది సాహిత్యములోనే. కాని ఇన్ని సంవత్సరములుగా నా చేతిలో మెలగుచున్నది ఫైలు. అందుచే నేడొక ఫైలు కథ చెప్పెదను. అది బస్తరు అడవులలోని ఒక చిన్న పాఠశాలకు సంబంధించినది. అందులో నా తప్పు కూడ కొంత కలదు.

బస్తరు మనకు పరాయి సీమ కాదు. 1323లో ఓరుగల్లు కూలిన పిమ్మట ప్రతాపరుద్రుని సోదరుడైన అన్నమదేవుడు గోదావరి దాటి వెళ్ళి అచ్చట రాజ్యము స్థాపించెనని ఆ రాజవంశపు సంప్రదాయము చెప్పుచున్నది. దంతేవాడలో వెలసిన దంతేశ్వరీదేవి ఆ వంశమునకు కులదైవము. నేటికిని కోంటా, భోపాలపట్నము ప్రాంతములలో తెలుగు మాట వినబడును. 1960 దశకమున బైలదిల్లా కొండలలో ఇనుప గనులు తెరచి, కొత్తవలస నుండి కిరందులు వరకు రైలుదారి వేసిరి. ఆ ఖనిజము విశాఖపట్నపు రేవునకు దిగివచ్చినది; మనవారు అనేకులు ఉద్యోగరీత్యా కిరందులు, బచేలి పట్టణములకు ఎక్కిపోయిరి.

అచ్చటి గోండులు అంకెలు లెక్కించుట విన్న తెలుగువాడు చెవి రిక్కింపక మానడు. రెంటికి 'రండ్' అందురు, మూటికి 'మూండ్', నాలుగింటికి 'నాలుంగ్'. కన్నును 'కన్' అందురు. ఊరూరికి ఉచ్చారణలో స్వల్ప భేదములుండవచ్చును గాని, ఆ భాష మన భాషకు చుట్టమనుటకు పండితుని సాక్ష్యము అక్కరలేదు. ఇట్టి చుట్టరికము గలవారి పిల్లలు ఎట్లు చదువుకొనుచున్నారో మనకు పట్టకపోవుట న్యాయమా?

బస్తరులో బడి అన్న మాటకు పెద్ద చరిత్ర కలదు. ఆ చరిత్ర అంతయు ప్రీతికరమైనది కాదు. 1910లో అచ్చటి ప్రజలు గుండాధూరు మొదలైనవారి నాయకత్వమున తిరుగుబాటు చేసిరి. దానిని భూమ్‌కాల్ అందురు. అడవులను ప్రభుత్వము తనకు ప్రత్యేకించుకొనుట దానికి ముఖ్యకారణము. కాని ఆ రోజులలో తిరుగుబాటుదారులు తగులబెట్టిన వానిలో పోలీసుఠాణాలతోపాటు పాఠశాలలు కూడ కలవు. చదువుపై కోపముచేత కాదు. బడి కట్టుటకు వెట్టిచాకిరి చేయించిరి. అధికారి వలెనే పంతులు కూడ దబాయించెను. తమది కాని బడిని ఊరు తనదిగా ఎంచలేదు. ఈ పాఠమును మనము మరువరాదు.

మరల 2005 తరువాతి సంవత్సరములలో, సల్వాజుడుము కాలమున, ఆ జిల్లాలలో పాఠశాలలకు కష్టకాలము వచ్చినది. ఊళ్ళు ఖాళీ అయినవి. కొన్ని బడులను మావోయిస్టులు కూల్చిరి. కొన్నింటిలో సాయుధ బలగములు విడిది చేసినవి. 2011లో సుప్రీముకోర్టు, బలగములు పాఠశాలలను ఖాళీ చేయవలెనని ఆదేశించినది. ఆ నడుమ పిల్లలకొరకు వెదురుతోను, రేకులతోను త్వరగా నిలబెట్టిన వసతి పాఠశాలలు వెలసినవి. వానిని అచ్చట 'పోటాకేబిన్' అని పిలుతురు. 2011 జనాభా లెక్కలలో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమున అక్షరాస్యత నూటికి 70 కాగా, బీజాపూరు జిల్లాలో అది 41కి మించలేదు; దంతేవాడలో 42. ఈ అంకెల వెనుక ఒక తరము బాల్యము కలదు.

అట్టిచోట మూతబడిన బడులు క్రమముగా మరల తెరచుకొన్నవి. ఎవరు తెరచిరి? ఉత్తరువుపై సంతకము చేసినది మనవంటి ఉద్యోగియే. కాని గుంజలు పాతి, వెదురు నరికి, ఆకు కప్పిన పాకలు పలుచోట్ల ఊరివారు వేసినవి. ఆ పాకలలో పాఠము చెప్పుటకు ఆ ఊరి యువకులనే, కొద్దిపాటి గౌరవ వేతనముపై, విద్యాదూతలుగా నియమించిరి. వారికి పెద్ద పట్టములు లేవు. పిల్లల భాష వచ్చును, అడవి దారి తెలియును. 2025లో వారిలో కొందరు హత్యకు గురియైరి. పలక పట్టించినందుకు ప్రాణము పోగొట్టుకొనుట ఏ దేశమునకైనను తలవంపు. వారి పేర్లు మన పత్రికలలో ఒక మూలన వచ్చి, మరునాటికి మాసిపోయినవి.

ఇక నా ఫైలు సంగతి. కొన్ని సంవత్సరముల క్రిందట నేను పనిచేయుచున్న సెక్షనునకు ఒక వినియోగ ధ్రువపత్రము వచ్చినది. బడిలో మధ్యాహ్న భోజనము వండువారి గౌరవ వేతనమునకు సంబంధించినది. రెండు పట్టికల మొత్తములకు పొత్తు కుదరలేదు. నియమము ప్రకారము వివరణ కోరుచు త్రిప్పి పంపితిని. నోటు చక్కగా వ్రాసితినని పై అధికారి మెచ్చుకొనెను కూడ. ఆ ఫైలు మరల నా బల్లపైకి వచ్చుటకు నాలుగు మాసములు పట్టినది.

తరువాతి సంవత్సరము పర్యటనమీద బస్తరు వెళ్ళుట తటస్థించినది. వాన వెలిసిన వేళ ఒక ఊరి బడికి చేరితిమి. పంతులుగారు, ముప్పది యేండ్లవాడు, మైదాన ప్రాంతమునుండి వచ్చినవాడు, ఒక పాత హాజరుపట్టీ వెనుక పుటలలో గోండీ మాటలు వ్రాసికొని యుంచుకొనెను. "మొదటి ఏడాది పిల్లలు నన్ను చూచి పారిపోయిరి. వంట చేయు అమ్మయే నా మాట వారికి, వారి మాట నాకు చెప్పినది" అనెను. ఆ అమ్మ పొయ్యివద్ద నిలిచి నవ్వుచుండెను. క్రిందటి ఏట నాలుగు నెలలు ఆమెకు డబ్బు రాలేదని మాటల సందర్భమున తెలిసినది. అవి ఏ నాలుగు నెలలో నాకు వెంటనే స్ఫురించినది.

"డబ్బు రానప్పుడు వంట మానలేదా?" అని అడిగితిని. పంతులుగారు అనువదించి చెప్పిన ప్రత్యుత్తరమిది: "పిల్లలు వచ్చినారు కదా, మానుట ఎట్లు?" కట్టెలు తానే మోసికొని వచ్చినది. నూనె అప్పు తెచ్చినది. ఆ అప్పు తీర్చుటకు ఆ వేసవిలో తునికాకు ఏరిన డబ్బు పోయినది. ఆమె నన్ను నిందింపలేదు. నేనెవరో ఆమెకు తెలియదు. తెలిపెడి ధైర్యము నాకు లేకపోయినది. ఆ మాట నేడు మీ ఎదుట చెప్పుచున్నాను.

నా నోటు తప్పు కాదు. మొత్తములు సరిపోవలసినదే. ప్రజాధనము లెక్కకు రావలసినదే. కాని తపాలలో పంపిన ప్రశ్నను ఒక టెలిఫోనుతో అడిగియుండవచ్చును. అభ్యంతరము లేని జిల్లాల సొమ్మును విడిగా విడుదల చేయుమని ప్రతిపాదించి యుండవచ్చును. నియమము అందుకు అడ్డురాలేదు, నాకు తోచలేదు. ఎందుకు తోచలేదనగా, ఆ పట్టికలో నాకు అంకె కనబడెను గాని పొయ్యి కనబడలేదు.

ఆ అంకె ఎంతయో మీరెరుగుదురా? వంటచేయువారికి 2009లో కేంద్రము నిర్ణయించిన గౌరవ వేతనము నెలకు వేయి రూపాయలు, అదియు సంవత్సరమునకు పది నెలలు. కొన్ని రాష్ట్రములు తమవంతు అధికము చేర్చినవి గాని, కేంద్రపు అంకె పది సంవత్సరములకు పైగా కదలలేదు. ఇరువదియైదుగురు పిల్లల వరకు ఒకరు, నూరుగురి వరకు ఇద్దరు వండవలెనని ప్రమాణము. ఈమె వండును, వడ్డించును. పలుచోట్ల గిన్నెలు తోమును, దుబాసీగా కూడ నిలుచును.

ఉపాధ్యాయులకు జాతీయ పురస్కారములు 1958లో నెలకొల్పిరి. 1962 నుండి సెప్టెంబరు 5వ తేదీన ఉపాధ్యాయ దినోత్సవము జరుపుకొనుచున్నాము. సంతోషమే. బస్తరులో సేవచేసినవారిని దేశము గుర్తింపకపోలేదు. వినోబాభావే శిష్యుడైన ధరంపాల్ సైనీగారు 1976లో అచ్చటికి వెళ్ళి బాలికలకొరకు ఆశ్రమ పాఠశాలలు స్థాపించిరి. 1992లో పద్మశ్రీ పొందిరి. కాని బడి అనగా ఒక్కరు కాదు. గంట కొట్టు బంట్రోతు, రాత్రి జ్వరము వచ్చిన పిల్లకు తడిగుడ్డ వేయు వసతిగృహపు ఆయా, నీరు మోయు మనిషి, సంతనాడు తప్పిపోయిన పిల్లను మరల బడికి తోలుకొనివచ్చు ఊరి పెద్ద, వీరందరును కలిసిననే బడి. వీరికి ఏ దినోత్సవమును లేదు.

గౌరవించుట యనగా శాలువా కప్పుట మాత్రమే కాదు. మన సంఘమున శాలువాలకు కొదువ లేదు. ఒక్కొక్కసారి కప్పువారికంటె కప్పించుకొనువారే అధికముగ నుందురు! అందుచే మూడు మనవులు చేసికొందును.

మొదటిది మన బల్లలకు సంబంధించినది. మనలో జీతపు బిల్లులు, మంజూరులు, లెక్కల తనిఖీలు చూచువారు చాలమంది కలరు. మారుమూల ఉద్యోగికి చేరవలసిన రూపాయి మన అభ్యంతరముచే ఆగినప్పుడు, ఆనాడే ఒక మారు టెలిఫోను చేసి అడుగుదము. ఇది దానము కాదు, మన విధి. నా దృష్టిలో దీనిని మించిన సన్మానము లేదు.

రెండవది. మన సంఘము బస్తరులో ఒక బడిని ఎంచుకొని, సాయము చేయుటకు ముందు వారినే అడుగవలెను. మనకు తోచినది పంపుట మన అలవాటు. వారికి కావలసినది గడియారమో, నీటి తొట్టియో, గోండీ మాటలతో బొమ్మల పుస్తకమో కావచ్చును. మన యిండ్లలో బొమ్మలు గీయగల పిల్లలు కలరు. మాటలు చెప్పగల పంతులు అచ్చట కలడు. 1910లో జరిగిన పొరపాటు మరల జరుగరాదు: బడి ఊరిదిగానే యుండవలెను, మనము చుట్టములముగానే వెళ్ళవలెను.

మూడవది. వచ్చే వార్షికోత్సవమునకు వారిని ఇచ్చటికి రప్పింపవద్దు. వచ్చిపోవు మూడునాళ్ళు కూలి పోవును, బడి మూతబడును. మనమే అచ్చటికి పోదము. ఊరివారందరి యెదుట, ఆమె బిడ్డలు చూచుచుండగా, వంట చేయు ఆ తల్లిని పేరుపెట్టి పిలిచి నమస్కరింతము. ప్రశంసాపత్రము ఆమె భాషలో ఒక పంక్తియైనను వ్రాయింతము. చదివి వినిపించు పని అచ్చటి పిల్లకే అప్పగింతము. తాను వండిపెట్టిన బిడ్డ తన పేరు చదువగా వినుటకంటె ఆమెకు వేరు బిరుదము ఎందుకు?

ఆనాడు నేను బయలుదేరునప్పుడు ఆమె ఆకుదొన్నెలో వేడి పప్పు, అన్నము పెట్టి నా చేతికిచ్చినది. పిల్లల పంక్తిలో కూర్చుండి తింటిని. నాకు ఆమె ఋణపడలేదు. నేనే ఆమెకు నాలుగు మాసములు ఋణపడి యున్నాను. ఆ ఋణము తీర్చుకొనుటలో మీరందరును నాకు తోడు రావలెనని ప్రార్థించుచున్నాను.