నదికి నమూనా



గ్రామపటమును చూడని రైతు అరుదు. పూర్వపు మద్రాసు రాజధాని పద్ధతిని మైలునకు 16 అంగుళముల చొప్పున గీసిన ఆ పటములో 330 అడుగుల గట్టు ఒక్క అంగుళములో ఇమిడిపోవును. పటమునకు అంతటితో పని తీరును. ఏలయన పటములోని చెరువులో నీరుండదు. నీరు పోసిన నాడే చిక్కు వచ్చును.

సుందరకాండలో హనుమంతుడు పిల్లియంతవాడై లంకలో ప్రవేశించెను. ఒడలు తగ్గినను ఆయన బలము తగ్గలేదు. అణిమాసిద్ధి గలవారికి అది చెల్లును గాని నదికి చెల్లదు. నదిని నూరవ వంతునకు కుదించినను భూమ్యాకర్షణ కుదియదు, నీటి జిగి కుదియదు. కావున చిన్ననది పెద్దనదివలె మెలగవలెనన్నచో ఆకారసామ్యము చాలదు, గతిసామ్యము కావలెను.

గతిసామ్యమనగా నేమి? నూరడుగుల ఎత్తునుండి జారిన రాయి నేలకు చేరుటకు రమారమి రెండున్నర సెకండ్లు పట్టును. అడుగు ఎత్తునుండి జారిన రాయికి పావు సెకండు పట్టును. ఎత్తు నూరవ వంతయినను కాలము పదవ వంతే అయినది. ఆకర్షణచే నడచు నీటికిని ఇదియే న్యాయము. నూరవ వంతు నమూనాలో వేగము పదవ వంతు, కాలము పదవ వంతు. ఇంగ్లండులో విలియం ఫ్రౌడ్ అను ఇంజనీరు ఓడల విషయమున ఈ వర్గమూల న్యాయమును స్థాపించెను. 1872లో టార్కీ పట్టణమున పొడవైన తొట్టి కట్టించి, మైనపు ఓడలను అందులో లాగించి, పెద్ద ఓడకు కలుగబోవు అలల నిరోధమును ముందే గణించెను. అంతకు పూర్వము చిన్న ఓడలతో చేయు పరీక్షలు పిల్లల ఆటలని తలచిన పెద్దలు లేకపోలేదు.

ఓడ మాట అట్లుండగా, నది మాట అంతకంటె కఠినము. నది తన పాత్రను తానే మార్చుకొనును గదా! మాంచెస్టరు వర్తకులు సముద్రపు ఓడలను తమ ఊరికే తెచ్చుకొనదలచి, మెర్సీ నదీముఖమున గోడల నడుమ లోతైన కాలువ త్రవ్వుదుమనిరి. లివర్‌పూలు వారు భయపడిరి. గోడలు కట్టినచో వాని వెలుపల ఒండ్రు మేటవేయును, మేటవేసిన కొలది పోటునీరు లోనికి వచ్చుట తగ్గును, తగ్గిన నీరు తిరిగి పోవునపుడు సంగమము చెంత ఇసుకను కోయజాలదు, రేవు పూడును. ఒక ఊరి భాగ్యము వేరొక ఊరి కడుపుకొట్టునా అనునదే తగవు. పార్లమెంటులో బిల్లు రెండుమారులు వీగిపోయి, కాలువను చెషైరు గట్టువెంబడి జరిపిన తరువాతనే 1885లో నెగ్గెను. 1894లో కాలువ తెరువబడెను.

ఆ 1885లోనే మాంచెస్టరు ఓవెన్స్ కళాశాల ఆచార్యుడు ఆస్బర్న్ రేనాల్డ్స్ మెర్సీ ముఖమును తొట్టిలో నిర్మించెను. అడ్డుకొలత మైలునకు 2 అంగుళములు, అనగా 31,680వ వంతు. లోతును గూడ అంతే కుదించినచో నీరు తడిమరకయే అగును. అందుచే నిలువుకొలతను 80 అడుగులకు ఒక అంగుళముగ, అనగా 960వ వంతుగ నుంచెను. కాలమును లెక్కకట్టు విధము చూడుడు: లోతు 960వ వంతయినపుడు పోటు వేగము 31వ వంతగును, నడువవలసిన దూరమో 31,680వ వంతు. దీనిని దానిచే భాగింప కాలము సుమారు 1,020వ వంతు. 12 గంటల 25 నిముషముల పోటుపాటులు తొట్టిలో ముప్పాతిక నిముషము లోపల ముగియును. ఒక సంవత్సరపు పోటులన్నియు తొమ్మిది గంటలలో గడచును!

సముద్రపు వైపు భాగమును ఎత్తుచు దించుచు, చదునుగ పరచిన ఇసుకమీద ఇట్లు వేలకొలది పోటులు నడిపించెను. ఎవ్వరును గీయకయే ఆ ఇసుకలో కాలువలును మేటలును ఏర్పడినవి. నావికపటములోని మెర్సీ పోలికలు వానిలో కానవచ్చినవి. రేనాల్డ్స్ అంతటితో తృప్తిచెందక, మైలునకు 6 అంగుళముల చొప్పున మరియొక తొట్టి కట్టి సరిచూచెను. చేసిన పనికంటె ఈ సరిచూచుటయే ఎక్కువ మెచ్చదగినది.

అయినను ఆ మొదటి తొట్టిలో నిలువు 33 రెట్లు హెచ్చుగ నున్నది. 33 అడుగులకు ఒక అడుగు వాలుగల ఒడ్డు అందులో అడుగునకు అడుగు వాలగును. ఇసుక ఆ వాలున నిలువక జారిపోవును. నిజమైన నదిలో నిలుచు ఒడ్డు నమూనాలో కూలును. ఈ భేదము నెరుగక నమూనాను నమ్మినవాడు చెడును.

అట్లయిన కొలతలను చెరుపకుండ నమూనా కట్టరాదా? గోదావరి లెక్క చూతము. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరమువద్ద సుమారు 35 లక్షల క్యూసెక్కుల నీరు పారెను. నూరవ వంతు నమూనాలో వెడల్పు నూరవ వంతు, లోతు నూరవ వంతు, వేగము పదవ వంతు. కావున ప్రవాహము లక్షవ వంతు. అప్పటికిని 35 క్యూసెక్కులు కావలెను. అది ఒక పంటకాలువ నీరు! వేయవ వంతునకు కుదించినచో నీరు మిగులును గాని 20 అడుగుల లోతు పావు అంగుళమగును. అంత పలుచని నీరు నేలను అంటుకొని ప్రాకునే గాని నదివలె సుడులు తిరుగదు.

ఇచ్చటనే ధర్మసంకటము. ఆకర్షణ న్యాయమున చిన్న నమూనాలో వేగము తగ్గవలెను. జిగి న్యాయమున, అదే నీరు వాడినచో, వేగము పెరుగవలెను. రెండును ఒక్క తొట్టిలో పొసగవు. అందుచే ఇంజనీరు ఆకర్షణనే పట్టుకొని, జిగి ప్రభావము అడ్డురానంత పెద్దదిగ నమూనాను కట్టును. 1916లో బొంబాయి రాజధానిలో ఆరంభమై పూనా సమీపమున ఖడక్‌వాస్లాలో పెరిగిన పరిశోధనశాలలో విశాలమైన ఆవరణలు ఉండుటకు కారణమిదియే. నేడు గణనయంత్రములు చాల పని చేయుచున్నను ఈ తొట్లు మూలబడలేదు.

ఇసుక తంటా మాత్రము వేరు. దానిని నూరవ వంతునకు నూరినచో బంకమన్నువలె అంటుకొని కదలదు. అందుచే కొన్ని నమూనాలలో ఇసుకకు మారు తేలికయైన బొగ్గుపొడి పరతురు. కొద్దిపాటి ప్రవాహమునకే అది కదలును. అయితే ఆ పొడి ఎన్ని గంటలలో పోగైనచో నదిలో ఎన్ని ఏండ్ల మేటకు సరియో, ఆ నది పాత కొలతలతో పోల్చిగాని తేల్చరాదు.