యాసంగి వరిలో తాలు ఎందుకు?



మధిర తట్టున వైరా ఏటి పక్క పొలంలో ఒక పెద్దాయన గొలక తెంపి నా చేతిలో పెట్టాడు. "చూడు నాయనా! యూరియాకు తక్కువ చెయ్యలేదు, మందులు కొట్టాను, పైరు ఏపుగా వచ్చింది. తీరా కోస్తే మిషను వెనక పొట్టే ఎగిరింది. విత్తనం మోసం చేసింది" అన్నాడు. నలిపి చూస్తే నిజంగానే చాలావరకు తాలు.

"నారెప్పుడు పోశారు, బాబాయ్?" అన్నాను.

"కాలువ నీళ్ళు చూసుకొని, డిసెంబరు ఆఖర్లో."

విత్తనాన్ని తిట్టవలసిన పని లేదు. వరి పువ్వు పొద్దున తొమ్మిది, పన్నెండు గంటల నడుమ విచ్చుకొని గంటసేపటికే మూసుకుంటుంది. ఆ గంటలో వేడి 35 డిగ్రీలు దాటితే పుప్పొడి పనిచెయ్యదు, గింజ కట్టదు. డిసెంబరు ఆఖరున పోసిన నారు మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో ఈనుతుంది. అప్పటి ఎండ మీకు తెలియనిది కాదు. పైగా ఏటేటా భూమి వేడెక్కుతున్నది.

పగటి ఎండే కాదు, రాత్రి ఉక్క కూడా దొంగే. పగలు చేసుకున్న ఆహారాన్ని పైరు రాత్రి ఊపిరికే ఖర్చు పెట్టుకుంటుంది. ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ పొలాల్లో 1992 నుండి 2003 దాకా చూచిన లెక్కలు 2004లో అచ్చయినాయి. రాత్రి వేడి 1 డిగ్రీ పెరిగితే దిగుబడి 10 శాతం పడిపోయిందట.

కాబట్టి ఎంటీయూ 1010 వంటి నాలుగు నెలల రకాన్ని విశాఖ కార్తెలో, నవంబరు 20 లోపల పోయండి. ఫిబ్రవరిలో ఈనుతుంది. నారు చలికి ఎర్రబడుతుందనే భయం వుంటే సాయంత్రం మడిలో నీరు తీసివేసి, పొద్దున్నే బోరు నీరు పెట్టండి. రాత్రిళ్ళు పట్టాలు కప్పి, తెల్లవారి తీసివేయండి. ఈనే రోజుల్లో మడి ఆరనివ్వవద్దు.

ముందు పోస్తే అన్ని గండాలూ తప్పుతాయని నేను చెప్పను. 2023 మార్చి గాలివానకు బోనకల్లు మండలంలో మొక్కజొన్న నేలవాలింది. దానికి తేదీ మార్చుకోవటమొక్కటే చాలదు.

"మరి కాలువ నీరు ఆలస్యమైతే?" అన్నాడు బాబాయ్. న్యాయమైన ప్రశ్న. కాలువ చివరి రైతు చేతిలో లేని పని అది. డిసెంబరు నడిమికి నారు పడకపోతే ఆ మడిలో వరి మానండి. మధిర పరిశోధన స్థానంవారి ఎంజీజీ 295 పెసర వుంది, నీరు తక్కువ చాలు. ఆయన తల గోక్కొని, "సగం మడి చూస్తాలే" అన్నాడు.