మన పేరిట ఉన్న రికార్డు మన చేతికి రావాలి

(జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాల్లో ముస్లిం కుటుంబాల కోసం ఏర్పాటైన అవగాహన సభల్లో చేసిన ప్రసంగ పాఠం)



మా వద్దకు వచ్చిన ఒక కుటుంబం అనుభవంతో ఈ మాటలు ప్రారంభిస్తాము. ఆ ఇంటి కుమారునికి గల్ఫ్‌లో ఉద్యోగం ఖాయమైంది. పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్ కావాలన్నారు. దరఖాస్తు చేసిన తరువాత, ఎనిమిదేళ్ల క్రితం వీధిలో జరిగిన ఒక తగాదా కేసు బయటపడింది. ఆ కేసు లోక్ అదాలత్‌లో రాజీతో ఎప్పుడో ముగిసింది. కాని ముగిసిందని చెప్పే కాగితం ఇంట్లో లేదు, ఠాణా రికార్డులోనూ ఆ సంగతి చేరలేదు. న్యాయస్థానం నుంచి నకలు తెచ్చేసరికి గడువు దాటిపోయింది, ఉద్యోగం మరొకరికి వెళ్లింది. ఆ యువకుణ్ణి ఆపినది నేరం కాదు. ఒక్క కాగితం లేకపోవడం.

గల్ఫ్ వేతనాల మీద, బీడీల మీద, సాంచాల మీద బతికే మన ఊళ్లలో ఇటువంటి నష్టం చిన్నది కాదు. కేసు అనగానే మనం సిగ్గుతో మౌనం వహిస్తాము. అవసరం వచ్చిన రోజున దళారీని వెతుక్కుంటాము. ఈ రెండు అలవాట్లనూ విడిచిపెట్టాలని కోరడానికే ఈ రోజు మీ ముందు నిలిచాము.

ముందుగా ఎఫ్‌ఐఆర్ సంగతి. ఫిర్యాదు చేసినవారికి, బాధితులకు దాని ప్రతిని ఉచితంగా ఇవ్వవలసిందే. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను ఈ మాటే చెబుతున్నది. నిందితునికి కూడా హక్కు ఉంది. 2016 సెప్టెంబరు 7న యూత్ బార్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు, నిందితుడు గాని అతని తరఫువారు గాని అడిగితే ఠాణా 24 గంటల్లో ప్రతిని ఇవ్వాలని ఆదేశించింది. ఎఫ్‌ఐఆర్‌లను పోలీసు వెబ్‌సైటులో ఉంచాలని కూడా చెప్పింది. లైంగిక నేరాలు, పిల్లలపై నేరాలు, ఉగ్రవాదం వంటి సున్నితమైన కేసులకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. కనుక వెబ్‌సైటులో కనిపించనంత మాత్రాన కేసు లేదనుకోకూడదు.

ఎఫ్‌ఐఆర్ ఆరంభం మాత్రమే. కేసు చివరికి ఏమైందన్నదే ముఖ్యం. దీన్ని ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులోనూ, అదే పేరుతో ఉన్న మొబైల్ యాప్‌లోనూ రుసుము లేకుండా చూడవచ్చు. ప్రతి కేసుకూ 16 అక్షరాలు, అంకెలు గల సీఎన్ఆర్ నంబరు ఉంటుంది. అది తెలియకపోతే ఎఫ్‌ఐఆర్ నంబరుతో గాని, పేరుతో గాని వెతకవచ్చు. పేరుతో వెతికేటప్పుడు మన ఇళ్లలో ఒక చిక్కు ఉంది. ఆధార్‌లో మహమ్మద్ అని, బడి సర్టిఫికెట్‌లో ఎండీ అని, పాస్‌పోర్టులో మొహమ్మద్ అని ఉంటుంది. ఇంగ్లిషు స్పెల్లింగును అన్ని రకాలుగానూ ప్రయత్నించండి. ఒకే పేరు గలవారు ఒకే వాడలో పదిమంది ఉంటారు. తండ్రి పేరు, వయసు, చిరునామా సరిపోలితే తప్ప అది మన వాని కేసని నిర్ధారించుకోవద్దు. వేరొకరి కేసు మన పిల్లవానికి అంటుకుంటే, ఆ మూడు వివరాలే మనకు ఆధారం.

పాత కేసులు వెతికేవారు మరో విషయం గుర్తుంచుకోవాలి. జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు 2016 అక్టోబరు 11న ఏర్పడ్డాయి. అంతకు ముందు ఇవన్నీ కరీంనగర్ జిల్లాలోనివే. కొత్త జిల్లా న్యాయస్థానాలు 2022 జూన్ 2న మొదలయ్యాయి. అందుచేత పాత కేసు నడిచినది స్థానిక న్యాయస్థానంలోనా, కరీంనగర్‌లోనా అన్నది మొదట తేల్చుకోవాలి. కోరుట్ల వారికి జిల్లా కేంద్రం ఇప్పుడు జగిత్యాల. ఆన్‌లైన్‌లో దొరకని పాత కేసుకు న్యాయస్థాన కార్యాలయంలో కేసు నంబరు, సంవత్సరం చెప్పి విచారించాలి.

కేసు దొరికిన తరువాత, తుది ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు చేయండి. తెరపై కనిపించే ముద్రణ చాలదు; న్యాయస్థానం ముద్ర ఉన్న నకలుకే విలువ. ఆ నకలులో ఏమున్నదో న్యాయవాదితో చదివించుకోండి. నిర్దోషిగా విడుదల కావడం ఒకటి. చట్టం అనుమతించే నేరాల్లో రాజీ పడడం ఒకటి. దానికి నిర్దోషిత్వంతో సమానమైన ఫలితం ఉంటుంది. కాని తప్పు ఒప్పుకొని జరిమానా కట్టడం శిక్ష పడినట్లే. "వెయ్యి కట్టాము, కేసు పోయింది" అని చాలామంది అనుకుంటున్నారు. కేసు ముగిసింది నిజమే, శిక్షగా ముగిసింది. సంతకం పెట్టే ముందే ఈ తేడా అడిగి తెలుసుకోవాలి. పోలీసులే దర్యాప్తు ముగించి, ఆధారాలు లేవని తుది నివేదిక ఇచ్చిన కేసులూ ఉంటాయి. వాటి నకలు కూడా సంపాదించాలి.

నకలు వచ్చిన వెంటనే మరొక పని ఉంది. దాని జిరాక్సు జతచేసి, రికార్డును సరిచేయవలసిందిగా కోరుతూ ఠాణాకు ఒక విజ్ఞప్తి, జిల్లా ఎస్పీ కార్యాలయానికి ఒక విజ్ఞప్తి ఇవ్వండి. రెండింటికీ అందినట్లు ముద్ర వేయించుకోండి. నోటిమాటగా చెప్పి వచ్చినదానికి ఆధారం ఉండదు.

ఇక విదేశీ ఉద్యోగానికి కావలసిన పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్. దీన్ని పాస్‌పోర్టు శాఖ ఇస్తుంది. పాస్‌పోర్టు సేవా వెబ్‌సైటులో దరఖాస్తు చేసి, 500 రూపాయల రుసుము చెల్లించి, సమయం తీసుకోవాలి. మన ప్రాంతానికి కరీంనగర్‌లో పాస్‌పోర్టు సేవా కేంద్రం ఉన్నది. ఆపై స్థానిక ఠాణా విచారణ జరుపుతుంది. ఆ విచారణకు ఇంటికి వచ్చినవారికి ఇవ్వవలసిన రుసుము ఏదీ లేదు. ఇప్పటికే గల్ఫ్‌లో ఉన్నవారు అక్కడి భారత రాయబార కార్యాలయం ద్వారా దరఖాస్తు చేయవచ్చు. దాని కోసం ఉద్యోగం వదిలి రానక్కరలేదు.

న్యాయస్థానంలో కేసు పెండింగులో ఉంటే పాస్‌పోర్టు నిరాకరించే అధికారం 1967 నాటి పాస్‌పోర్టు చట్టం ఇస్తున్నది. అయినా దారి మూసుకుపోలేదు. 1993 ఆగస్టు 25 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం, కేసు నడుస్తున్న న్యాయస్థానం విదేశీ ప్రయాణానికి అనుమతిస్తే పాస్‌పోర్టు పొందవచ్చు. కేసును దాచి దరఖాస్తు చేయడం కన్నా, అనుమతి కోరడమే క్షేమం.

దాచడం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కానిస్టేబుల్ ఉద్యోగానికో, మరే ప్రభుత్వ ఉద్యోగానికో ఎంపికైన పిల్లలు ధ్రువీకరణ పత్రంలో "కేసులు లేవు" అని రాసి, ఆ తరువాత ఉద్యోగం పోగొట్టుకుంటున్నారు. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, ఇచ్చే సమాచారం నిజమై ఉండాలని చెబుతూనే, చిన్నపాటి కేసుల విషయంలో అధికారులు పరిస్థితులను చూసి నిర్ణయించవచ్చునని చెప్పింది. చిన్న కేసును క్షమించే అవకాశం ఉంది. దాచిపెట్టిన అబద్ధం ఆ అవకాశాన్నీ చెడగొడుతుంది.

పద్దెనిమిదేళ్లు నిండక ముందు ఏదైనా పొరపాటు చేసిన పిల్లల తల్లిదండ్రులు ధైర్యంగా ఉండాలి. 2015 బాల న్యాయ చట్టం 74వ సెక్షను ప్రకారం, ముగిసిన బాలుని కేసును ప్రవర్తనా ధ్రువపత్రం కోసం పోలీసులు వెల్లడించకూడదు. ఆ చట్టం పిల్లవానికి కొత్త జీవితం ఇవ్వాలని కోరుతున్నది. మనం కూడా అదే కోరాలి.

రౌడీ షీట్ల మాట చాలామంది మమ్మల్ని అడుగుతున్నారు. తమ పేరిట షీటు ఉన్నదో లేదో తెలియక కొందరు ఏళ్ల తరబడి భయంతో బతుకుతున్నారు. 2024 మే 7న అమానతుల్లా ఖాన్ కేసులో సుప్రీంకోర్టు, వెనుకబడిన వర్గాల అమాయకుల పేర్లు యాంత్రికంగా ఇటువంటి రికార్డులలోకి ఎక్కుతున్న తీరుపై ఆందోళన తెలిపి, ఎప్పటికప్పుడు సమీక్ష జరగాలని చెప్పింది. ఆ మాటను అన్ని రాష్ట్రాల దృష్టికీ తెచ్చింది. మన గురించి ఉన్న రికార్డును 2005 సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. జిల్లా కార్యాలయానికైతే రుసుము 10 రూపాయలు, మండల స్థాయికి 5 రూపాయలు, గ్రామ స్థాయిలో ఏమీ లేదు. కారణం చెప్పనక్కరలేదు. 30 రోజుల్లో జవాబు రావాలి. ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించినదైతే 48 గంటల్లో. నిరాకరిస్తే ఏ సెక్షన్ కింద నిరాకరించారో రాసి ఇవ్వాలి. ఆ రాతతోనే అప్పీలుకు వెళ్లగలము, హైకోర్టు తలుపూ తట్టగలము.

ఖర్చుకు భయపడవద్దు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో మహిళలకు, వారి ఆదాయం ఎంతైనా, ఉచిత సహాయం లభిస్తుంది. కస్టడీలో ఉన్నవారికీ, కార్మికులకూ, తక్కువ ఆదాయం గలవారికీ లభిస్తుంది. 15100 నంబరుకు ఫోను చేసినా చాలు.

ఇక ఇతరుల రికార్డు విషయం. ఆడపిల్లకు సంబంధం చూసేటప్పుడు వరుని గురించి విచారించడం తల్లిదండ్రుల బాధ్యత. న్యాయస్థానం బహిరంగంగా ఉంచిన సమాచారాన్ని చూడవచ్చు. కాని కేసు ఉండటం నేరం రుజువు కావడం కాదు. చూసినదాన్ని వాట్సాప్ బృందాలలో పంచడం మాత్రం అన్యాయం. అనుమానాన్నీ, ఇతరుల లోపాలను వెదకడాన్నీ ఖుర్ఆన్‌లోని అల్ హుజురాత్ సూరా వారించిందని మనందరికీ తెలుసు. వరుణ్ణే అడగండి, తీర్పు నకలు చూపమనండి. నిర్దోషిగా విడుదలైన యువకుణ్ణి మనమే దోషిగా చూస్తే, పోలీసు రికార్డును తప్పుపట్టే అర్హత మనకు ఉండదు.

హైదరాబాదు మక్కా మసీదులో 2007 మే 18న పేలుడు జరిగిన తరువాత ఎందరో ముస్లిం యువకులను పట్టుకుపోయారు. వారిలో న్యాయస్థానాలు నిర్దోషులన్నవారున్నారు, ప్రశ్నించి వదిలేసినవారున్నారు. 2012లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 20 మందికి 3 లక్షల చొప్పున, 50 మందికి 20 వేల చొప్పున పరిహారం ఇచ్చింది. వారి ప్రవర్తనకు ధ్రువపత్రాలూ ఇచ్చింది. నిర్దోషికి కూడా కాగితం అవసరమని ప్రభుత్వమే ఒప్పుకున్నదన్నమాట. 2013లో హైకోర్టు ఆ పరిహారం ఉత్తర్వును కొట్టివేసింది. ప్రభుత్వం ఇచ్చినది ప్రశ్నకు గురైంది. న్యాయస్థానం నిర్దోషి అని చెప్పిన తీర్పు మాత్రం వారి పేరిట నిలిచి ఉన్నది.

కనుక ఈ రోజు ఇంటికి వెళ్లి ఒక్క పని చేయండి. ఒక ఫైలు తెరవండి. ఇంట్లో ఎవరి మీదనైనా ఎప్పుడైనా కేసు ఉండి ఉంటే, దాని నంబరు, సంవత్సరం, న్యాయస్థానం ఒక కాగితం మీద రాయండి. వచ్చే వారమే తుది ఉత్తర్వు నకలుకు దరఖాస్తు పెట్టండి. వీసా వచ్చిన రోజున కాదు, పెళ్లి కుదిరిన రోజున కాదు; ఏ అవసరమూ లేని ఈ రోజుల్లోనే. రాయడం రాని పొరుగువారి దరఖాస్తును మీ పిల్లలతో రాయించండి. అది కూడా సేవే.