ఫోనులో చోటు ఎవరు తింటున్నారు?



కాట్రేనికోనలో చేపలమ్మే ఒకామె ఉందనుకుందాం. పెనిమిటి కువైట్‌లో డ్రైవరు. వారం వారం వాట్సాప్‌లో గొంతు పంపిస్తాడు. ఒకరోజు ఫోను తెరిచింది. తెర మీద ‘స్టోరేజ్ నిండింది’ అని ఉంది. కూడబలుక్కుని చదివింది. ఆయన మాట వచ్చినట్టు తెలుస్తోంది గాని, నొక్కితే వినబడదు.

ఫోన్ల కొట్టుకు వెళ్ళింది. కుర్రాడు చూసి, “అంతా తుడిచేస్తే సరిపోద్దండి” అన్నాడు. తుడిచేస్తే ఏం పోతుంది? ఆయన గొంతు పోతుంది. ఆమె ఫోను వెనక్కి తీసుకుంది. మంచి పని చేసింది.

ఆమె కుర్రాణ్ణి ఒక మాట అడిగింది. “డబ్బా మీద 32 జీబీ అని రాశారు కదండీ. నేను దాచింది నాలుగు ఫొటోలు. మిగతాది ఎవరు తిన్నారు?”

అసలు అడగాల్సిన మాట అదే. కోనసీమ వాళ్ళకు కొబ్బరికాయ సంగతి తెలుసు. చెట్టు మీద కాయ పెద్దగా కనిపిస్తుంది. పీచు వలిస్తే లోపలి కాయ ఎంత? డబ్బా మీద అంకె పీచుతో ఉన్న కాయ లాంటిది.

ఆ పీచు ఏమిటి? ఫోను నడవడానికి లోపల ఆండ్రాయిడ్ అనే ఏర్పాటు ఉంటుంది. అది గూగుల్ వాళ్ళది. శాంసంగ్, షావొమీ, వివో, ఒప్పో లాంటి కంపెనీలు దాన్ని తీసుకుంటాయి. తమకు నచ్చినట్టు మార్చుకుంటాయి. తమ యాప్‌లు, డబ్బిచ్చిన ఇతరుల యాప్‌లు కలిపి అమ్ముతాయి. ఇల్లు అమ్మినవాడు రెండు గదుల్లో తన సామాను పెట్టి తాళం వేసుకున్నట్టు! గూగుల్ కూడా తన యాప్‌లు ముందే పెట్టిస్తుంది. అలాంటి పద్ధతుల మీద మన దేశపు పోటీ కమిషన్ 2022 అక్టోబరులో గూగుల్‌కు 1,337 కోట్ల రూపాయల జరిమానా వేసింది.

ఏం చెయ్యాలి? అక్కర్లేని యాప్ బొమ్మను కాసేపు అదిమి పట్టండి. ‘అన్‌ఇన్‌స్టాల్’ అని వస్తే దాన్ని తీసెయ్యొచ్చు. కొన్నిటికి ఆ మాట రాదు. అవి తాళం గదులు. వాటి వివరాల్లోకి వెళితే ‘డిజేబుల్’ అని ఉండొచ్చు. అది నొక్కితే యాప్ నిద్రపోతుంది. గది ఖాళీ కాదు గాని, కొత్త సామాను చేరదు. పేరు చూసి అదేమిటో తెలియకపోతే ముట్టుకోవద్దు.

ఇక వాట్సాప్. అందులో సెట్టింగ్స్, తర్వాత ‘స్టోరేజ్ అండ్ డేటా’, తర్వాత ‘మేనేజ్ స్టోరేజ్’. పెద్ద పెద్ద వీడియోలు అక్కడే కనబడతాయి. పెళ్ళి వీడియో, సినిమా ముక్క, పొద్దున్నే వచ్చే పువ్వుల బొమ్మలు. మన దేశంలో ఫోన్లు నిండడానికి ఈ గుడ్ మార్నింగ్ బొమ్మలు ఒక కారణమని గూగుల్ వాళ్ళే కనిపెట్టారు. 2018లో అమెరికా పత్రిక ఒకటి ఆ సంగతి రాసింది కూడా! అవి తీసెయ్యండి. గొంతు మాటలు చాలా చిన్నవి. ఒక్క వీడియో పోతే ఎన్నో గొంతు మాటలకు చోటు దొరుకుతుంది. కువైట్ మాటలు తుడవాల్సిన పనే లేదు.

ఇక్కడ రెండు మాటలు బాగా చూసి చదవాలి. యాప్ వివరాల్లో ‘క్లియర్ క్యాష్’ అని ఒకటి, ‘క్లియర్ డేటా’ అని ఒకటి ఉంటాయి. క్యాష్ అంటే ఇక్కడ డబ్బు కాదు, యాప్ పోగుచేసుకున్న చెత్త. తుడిస్తే నష్టం లేదు. డేటా అంటే మీరు దాచుకున్నది. వాట్సాప్‌లో అది నొక్కితే మాటలన్నీ పోతాయి. కొన్ని ఫోన్లలో డేటా బదులు ‘స్టోరేజ్’ అని ఉంటుంది. సెట్టింగ్స్‌లో భాష తెలుగు చేసుకుంటే ఇవి చదవడం తేలిక.

కొంత చోటు ఎప్పుడూ ఖాళీగా ఉంచండి. పూర్తిగా నిండిన ఫోనుకు మామూలు మెసేజ్ కూడా అందకపోవచ్చు. బ్యాంకు నంబరు అందులోనే వస్తుంది. తుపాను హెచ్చరికా అందులోనే వస్తుంది. 1996 నవంబరు 6 తుపాను చూసిన కాట్రేనికోన వాళ్ళకు ఆ హెచ్చరిక విలువ ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇంకొకటి. ఏదో చూస్తుండగా, “మీ ఫోను నిండింది, వెంటనే ఇక్కడ నొక్కండి” అని ఎర్ర అక్షరాలు వస్తాయి. చాలాసార్లు అది ఫోను చెప్పే మాట కాదు, ప్రకటన. నొక్కితే ఇంకో యాప్ వచ్చి కూర్చుంటుంది. దాన్ని మూసేసి, సెట్టింగ్స్‌లో ‘స్టోరేజ్’ దగ్గర అంకె ఎంతుందో మీరే చదివి చూసుకోండి.