అటక మీది తాటాకులు
(రేడియో ప్రసంగం)



గ్రంథాలయం చూసి వచ్చిన ముచ్చట చెబుతానంటే, అందులో ఇల్లాళ్లకు పనికివచ్చేదేముందని మీరనుకోవచ్చు. ఉంది, వినండి.

మాది జగిత్యాల జిల్లా ఇబ్రహీంపట్నం. మా అమ్మాయి హైదరాబాదులో, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో తెలుగు పరిశోధన చేస్తోంది. దాన్ని చూడబోయి అక్కడి గ్రంథాలయం కూడా చూశాను. 1918లో విశ్వవిద్యాలయంతో పాటే పుట్టిన గ్రంథాలయమది. ఆనాడు అక్కడ చదువంతా ఉర్దూలోనే. ఇవాళ అందులో ఐదు లక్షలకు దగ్గరగా పుస్తకాలు, ఆరు వేలకు పైగా రాతప్రతులు ఉన్నాయి.

మా అమ్మాయి అనుమతి తీసుకుని తాళపత్రాలు చూపించింది. గుడ్డ విప్పితే రెండు చెక్క పలకలు, వాటి నడుమ తాటాకులు, చిల్లుల్లోంచి దారం. ఆకు మీద గంటంతో గీసి మసి పూస్తే అక్షరాలు నల్లగా తేలతాయట. మాటకూ మాటకూ ఎడం లేదు.

చూస్తూనే నా గుండె కలుక్కుమంది. అలాంటి కట్టే మా అత్తవారింటి అటక మీద ఉండేది. ఒక పండుగకు ఇల్లు దులుపుతూ దించాం. "ఎవలూ చదువనిది ఇంట్ల ఎందుకు బిడ్డా, గోదాట్ల కలుపుదాం" అన్నది మా అత్తమ్మ. పసుపు కుంకుమ పెట్టి, దండం పెట్టి, నా చేతులతోనే గోదావరిలో విడిచాను. అది వైద్యమో, పురాణమో, ఇంటి లెక్కలో, ఇక ఎవరు చెప్పగలరు?

ఈ సంగతి చెప్తే మా అమ్మాయి అన్నది: "పెద్దలు కూడా పాత ప్రతుల్ని నదిలో కలిపేవాళ్లమ్మా. కాకపోతే కొత్త ఆకుల మీద ఎత్తి రాసుకున్నాక."

తాటాకును ఎంత పదిలంగా దాచినా కొన్ని తరాలకు శిథిలమవుతుంది. అందుకే తిరగరాసేవారు. రాసినవారు చివర తమ పేరు చెప్పుకొని, తప్పులుంటే మన్నించమని వేడుకునేవారు. మనం నీళ్లలో కలపడం గుర్తుంచుకొని, రాయడం మరిచిపోయాం.

అత్తమ్మను తప్పు పట్టను. ఆమెకు అక్షరం రాదు, భక్తితో చేసింది. చదువుకున్న దాన్ని నేనే, ఒక్క ఆకైనా తిప్పి చూడలేదు.

అటకా, సందుగా, దేవుని అర్రా మన చేతిలోవే కదా! ఏది ఉంచాలో ఏది పారేయాలో తేల్చేదీ మనమే. అందుకే చెబుతున్నాను. తాటాకుల కట్ట దొరికితే నీళ్లతో కడగకండి, ఎండలో పెట్టకండి. ఎండిన ఆకును వంచితే విరుగుతుంది. దారం తెంపితే వరుస తప్పుతుంది. పొడి నూలుగుడ్డలో చుట్టి, చెమ్మ తగలని చోట పెట్టి, తెలిసినవారికి చూపించండి. పెళుసుబారిన ఆకులకు నిమ్మగడ్డి నూనె రాయడం వంటివి ఆ పని తెలిసినవారికే వదలండి. కట్ట ఇచ్చేయడానికి మనసొప్పకపోతే, ఫోటోలైనా తీసుకోనివ్వండి.

ఊరికి తిరిగొచ్చాక పాత సందుగ దించాను. అడుగున కాగితాల కట్ట ఒకటి కనిపించింది. ఉర్దూ రాత, నాకు చదవరాదు. అయినా ఈసారి గోదావరికి తీసుకుపోలేదు. మా అమ్మాయికి పంపాను.

సెలవు.