మొగమాటంతో పెట్టిన సంతకం
(అగనంపూడిలో జరిగిన రైతు శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను భూసేకరణ చట్టం గురించి మాట్లాడమన్నారు. మాట్లాడతాను. కానీ ముందు మన గురించి నాలుగు ముక్కలు. నేను చూసినంతలో చట్టం తెలియక పోయిన భూమి కంటే, అన్నీ తెలిసి కూడా ఆ ఒక్క గంట ఆగలేక పోగొట్టుకున్న భూమే ఎక్కువ.

నా సంగతే చెప్తాను. 2008లో భూములకి రేట్లు తెగ పెరుగుతున్న రోజుల్లో ఒక బ్రోకరు మా ఇంటికి వచ్చాడు. ఒంటరిగా రాలేదు, నాకు పెదనాన్న వరసయ్యే ఆయన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆయన మా మంచం మీద కూర్చుని, "ఏటిరా, నా మాట మీద నమ్మకం లేదేటి?" అన్నాడు. అంతే. బయానా తీసుకున్నాను, అగ్రిమెంటు మీద సంతకం పెట్టాను. రాత్రి అన్నం పెడుతూ మా ఆవిడ అడిగింది, "ఆ కాగితం చదివారా?" అని. చదవలేదు. మిగతా సొమ్ము ఎప్పటిలోగా ఇవ్వాలో అక్కడ రాసే లేదు, ఖాళీగా వదిలేశారు. మూడేళ్లు ఆ ఎకరం అమ్ముడూ పోలేదు, నా చేతిలోనూ లేదు. అప్పటికే సంఘంలో పదేళ్లు తిరిగి, "తొందరపడి సంతకాలు పెట్టకండి" అని ఊరూరా చెప్పిన మనిషిని నేను!

నాకు అత్యాశ లేదు, భయమూ లేదు. ఉన్నదల్లా మొగమాటం. పెద్దమనిషి మంచం మీద కూర్చుంటే కాదనలేను. ఆ సంగతి నాకు ఆ రోజు తెలిసింది. బ్రోకరుకి మాత్రం ముందే తెలుసు. అందుకే ఆయన్ని తెచ్చాడు.

ఒక్కొక్కరిది ఒక్కో తీరు. మనం కూర్చున్న ఈ కాలనీనే చూడండి. 1970 ఏప్రిల్‌లో ఇందిరాగాంధీ పార్లమెంటులో ఉక్కు కర్మాగారం ప్రకటించారు, 1971 జనవరిలో శంకుస్థాపన చేశారు. సుమారు 22 వేల ఎకరాలు పోయాయి. మన పెద్దలు ఊళ్లు వదిలి ఈ కాలనీలకి వచ్చారు. పరిహారం సొమ్ము చేతికి వచ్చినప్పుడు ఒకాయన మర్నాడే దూరపు ఊళ్లో పొలం కొన్నాడు. ఇంకొకాయన పెళ్లిళ్లు చేశాడు. మరొకాయన ఉద్యోగం వస్తుంది కదా అని ఏ పనీ మొదలుపెట్టకుండా ఏళ్ల తరబడి ఎదురుచూశాడు. పక్కింటాయన ఏం చేస్తే అదే చేసినవాళ్లు అందరికంటే ఎక్కువ. నలుగురితో పాటు నారాయణా.

తర్వాత 2020లో విశాఖ చుట్టుపక్కల పది మండలాల్లో భూసమీకరణ జీవో వచ్చింది. ఆరు వేల ఎకరాల పైమాట. అసైన్డ్ పట్టా ఉన్న రైతుకి ఎకరాకు 900 గజాల అభివృద్ధి చేసిన స్థలం ఇస్తామన్నారు. తొందరపాటు మనిషి ఆ 900ని సిటీ రేటుతో గుణించి సంబరపడ్డాడు. ఎకరం అంటే 4,840 గజాలు. ఆ 900 ఎక్కడిస్తారు, ఎప్పుడిస్తారు, అప్పటిదాకా తిండి ఎలాగ అని అడగలేదు. వాయిదాల మనిషి నోటీసుని గూట్లో పెట్టేశాడు. కోపిష్టి చింపేశాడు. నోటీసు చింపితే గడువు చిరుగుతుందా బాబూ?

తీరు మార్చుకోమని నేను అనడం లేదు, అది మన వల్ల కాదు. అయినా తొందర మనిషే చినుకు పడగానే విత్తనం వేస్తాడు. రేటు పెరుగుతుందని బెల్లం దిమ్మలు ఇంట్లో పెట్టుకుని, అవి నీరు కారిపోయాక అనకాపల్లి మార్కెట్‌కి తెచ్చేవాడు వాయిదాల మనిషి. పొలంలో పనికొచ్చే తొందర కాగితం దగ్గర పనికిరాదు, అంతే తేడా.

ఇప్పుడు చట్టం. 2013 చట్టం ప్రకారం ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చాక అభ్యంతరం చెప్పడానికి 60 రోజులు. అది రాతపూర్వకంగా కలెక్టరుకి ఇవ్వాలి. వాయిదాల మనిషి నోటీసు అందిన రోజే గోడ క్యాలెండరు మీద చివరి తేదీకి సున్నా చుట్టాలి. పరిహారం చాలలేదనుకుంటే, సొమ్ము తీసుకునేటప్పుడు "అభ్యంతరంతో తీసుకుంటున్నాను" అని రాసి మరీ సంతకం పెట్టండి. ఆ మాట లేకుండా తీసుకుంటే, పెంచమని అథారిటీకి వెళ్లే హక్కు పోతుంది. అవార్డు ప్రకటించిన రోజు మీరు అక్కడే ఉంటే, దరఖాస్తుకి ఆరు వారాలే గడువు. సమ్మతి పత్రం వేరు, ఇది వేరు. కాగితం పైన ఏ పేరు ఉందో ముందు చదవండి. చదవడం రాకపోతే బడికెళ్లే పిల్లచేత చదివించుకోండి, సిగ్గేమీ లేదు.

నాలాంటి మొగమాటస్తులకి నేను చేసే పని చెప్తాను. వచ్చినవారు ఎంతటివారైనా టీ ఇస్తాను, కాగితం తీసుకుంటాను, "మా ఇంట్లో చూపించాలండీ, సంఘంలో కూడా చూపించాలి" అంటాను. ఆ రోజు కలం ముట్టను. మా ఆవిడకి మొగమాటం లేదు. పెదనాన్నకైనా, ఆఫీసరుకైనా మొహం మీదే చెప్పేస్తుంది. మొదట్లో నాకు తలవంపుగా ఉండేది. ఇప్పుడు కాగితాలన్నీ ఆవిడ పెట్టెలోనే ఉన్నాయి. మీ ఇంట్లో మీకు ఎదురుతీరు మనిషి ఎవరో చూసుకోండి. ఆ మనిషి "ఊఁ" అనేదాకా ఆగండి.

భోజనాలయ్యాక నోటీసులు ఉన్నవాళ్లు తీసుకుని ఇటు రండి, తారీఖులు చూద్దాం. ఆడవాళ్లు ముందు వరసలో కూర్చోవాలి.